అంచు మీద దెబ్బ

రెండేళ్లు వరసగా తప్పాను.
వంద మీటర్ల అవతల అట్ట మీద నల్ల మూస్ బొమ్మ,
ఐదు తూటాలు, ఐదూ గీత లోపలే పడాలి.
నాలుగు పడ్డాయి.
ఐదోది రెండేళ్లూ బొమ్మ కాళ్ల కింద మట్టి తిన్నది.

పరీక్ష పెట్టే స్వానౌగ్ దుర్భిణి దించి
"నీ కన్ను బాగానే ఉంది ఓద్‌వైగ్,
నీ భుజమే, తుపాకీ కంటే ముందు పేలుతోంది" అంది.

నిజమే.
ఇరవై ఆరేళ్లుగా ఈ రెండాలెన్ లోయలో ఉత్తరాలు పంచుతున్నదాన్ని,
కుక్కలకు జడవలేదు,
మంచు కింద కదిలే ఏటికి జడవలేదు.
ట్రిగ్గర్ మీద వేలు బిగిసే ఆ అరక్షణంలో మాత్రం
రెప్ప దానంతటదే పడిపోతుంది
చెంపదెబ్బ ఎరిగిన పిల్లదాని రెప్పలా.

సాధన చెయ్యి, సాధన చెయ్యి అంటారు అందరూ.
పెద్ద తూటా ఒక్కటి కాలిస్తే
ఒక రొట్టె ధర గాల్లో కలుస్తుంది.
ఇరవై రొట్టెలు కాల్చిన శనివారం
ఇంటికొచ్చి కరెంటు బిల్లు ముందు కూర్చున్నాను
భుజాన నేరేడుపండంత మచ్చతో.

యెర్మున్ తుపాకుల కొట్టు చేపల కొట్టు వెనకాల.
నూనె వాసనలోకి హెర్రింగ్ వాసన దొంగలా వస్తుంది.
మా తాత క్రాగ్ రైఫిల్ విప్పి గుడ్డ మీద పరిచి
"దీని గొంతులో ఇంకో సన్న గొంతు దూరుస్తాను" అన్నాడు.
"పెద్ద తూటాను పిన్ను నడినెత్తిన పొడుస్తుంది.
చిన్నదానికి నిప్పు అంచులో ఉంటుంది,
నడుమ పొడిస్తే పలకదు.
అందుకే బోల్టు తల మార్చాలి,
దెబ్బ కాస్త పక్కకు జరగాలి."

కొందరు మనుషులూ అంతే,
నడుమ ఎంత పొడిచినా పలకరు, అనుకున్నాను.
పైకి అనలేదు.
యెర్మున్‌కి ఉపమానాలు పడవు.

రెండు వారాలు పట్టింది. డబ్బు మూడు వాయిదాల్లో.
అదే కట్టె, అదే బరువు,
మూడు తరాల చెంపలు అరగదీసిన అదే నునుపు.
లోపల మాత్రం ఎవరో పసివాడు.

టప్.

అంతే. పక్క గదిలో పుస్తకం జారిపడినట్టు.
భుజం ఎదురుచూసింది, ఎవరూ రాలేదు.
మళ్లీ టప్. మళ్లీ ఎవరూ రాలేదు.

యాభై తూటాల పెట్టె, రెండు కాఫీల ధర.
జూన్‌లో రాత్రి పదింటికీ వెలుతురే కదా,
టపా బండి దిగి బూట్లు విప్పకుండానే
కొట్టం వెనక ఇసుక గట్టుకు అట్ట గుచ్చి
పడుకుని కాల్చేదాన్ని, కూర్చుని, మోకాలి మీద.
వడ్రంగిపిట్ట అనుకున్నానంది పక్కింటి తూర్‌బ్యోర్గ్,
పిట్ట కాదని తెలిశాక కూడా
అలాగే అంటోంది.

ఎప్పుడు పోయిందో తెలీదు.
ఒకరోజు అట్ట చిరగడం కళ్లారా చూశాను.
అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ
నేను కాల్చినవేవీ నేను చూడలేదని.

ఆగస్టులో సన్న గొంతు తీసేసి
పెద్ద తూటాలు ఐదు పట్టుకు వెళ్లాను.
మొదటిది పేలింది, కొండ తిరిగి పలికింది,
భుజానికి అన్నీ గుర్తొచ్చాయి.
అయినా రెండు, మూడు, నాలుగు, గీత లోపలే.
ఐదోదానికి ముందు నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను:
ఇది చిన్నదేలే, టప్ అంటుందంతే.
రెప్ప సగం నమ్మింది.

స్వానౌగ్ అట్ట దాకా నడిచింది,
చిల్లును వేలితో తడిమింది,
కళ్లజోడు మార్చుకుని మళ్లీ చూసింది.
"గీత అంచుకు తాకింది" అని అక్కడినుంచే అరిచింది,
"తాకితే లెక్కే!"

కాగితం మీద ముద్ర పడింది.
వేటకింకా ఐదు వారాలు.
అడవిలో మూస్ అట్ట కాదు, ఊపిరి తీస్తుంది,
దానికి అంచు తాకితే లెక్క కాదు.

ఆ రాత్రే
ఉన్ని మేజోడులో చుట్టిన సన్న గొంతు తీసి
మళ్లీ బిగించాను.
టప్.
తూర్‌బ్యోర్గ్ కిటికీ మూసుకుంది.